కొలోన్ కెథెడ్రల్ ముందు ట్యాంకుల పోరు: ఆ వీడియో అసలుదేనా?

మీరు పంచుకున్న నాలుగు నిమిషాల వీడియోలో జంట శిఖరాలున్న పెద్ద చర్చి పక్కన ఆగి ఉన్న జర్మన్ ట్యాంకుకు వరుసగా గుండ్లు తగులుతాయి, మంటలు లేస్తాయి, లోపలి సైనికులు దూకి పారిపోతారు. ఇది నిజంగా యుద్ధంలో తీసినదా లేక ఏదైనా సినిమాలోని ముక్కా, నిజమైనదే అయితే అంత దగ్గర నుంచి ఎలా తీయగలిగారు, ట్యాంకులూ పదాతి దళమూ పోరాడుతున్న అసలు దృశ్యాలు ఎందుకు అరుదంటారు, దీన్ని మీ ఛానల్‌లో వాడుకోవచ్చా అని అడిగారు. ఎడిటింగ్ టేబుల్ మీద ఫిల్మును కోసి అతికించే రోజుల నుంచీ డాక్యుమెంటరీల కోసం యుద్ధకాలపు ఫుటేజీతో పనిచేస్తున్నవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. మీ వీడియోలోని చిత్రం అసలుదే. అందులో వినిపించే శబ్దం మాత్రం అసలుది కాదు. పైగా ఒకే రోజు వేర్వేరు వీధుల్లో జరిగిన సంఘటనలను అందులో ఒకే పోరాటంలా అతికించారు. ఆ రీళ్లలో అన్నింటికన్నా బాధాకరమైన భాగాన్ని తీసేశారు.

అది 1945 మార్చి 6. స్థలం జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ నగరం. యుద్ధకాలంలో 262 సార్లు వైమానిక దాడులకు గురై ఆ నగరం దాదాపు శిథిలాల గుట్టగా మారింది. 157 మీటర్ల ఎత్తున్న కెథెడ్రల్ శిఖరాలు మాత్రం నిలబడి ఉన్నాయి. అమెరికా మూడవ ఆర్మర్డ్ డివిజన్ పడమటి వైపు నుంచి నగరంలోకి చొచ్చుకువస్తూ ఉంటే, జర్మన్లు నది దాటి వెనక్కి తగ్గుతూ అదే రోజు హోహెన్‌జోలర్న్ వంతెనను పేల్చివేశారు. పశ్చిమ ఒడ్డున మిగిలిన కొద్దిపాటి జర్మన్ ట్యాంకులకు ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. వాటిలో ఒకటి కెథెడ్రల్ పక్కన కాపు వేసిన పాంథర్ రకం ట్యాంకు.

కెథెడ్రల్ వైపు వెళ్లే కొమోడియన్ వీధిలో అమెరికన్ షెర్మన్ ట్యాంకులు ఆగి ఉన్నప్పుడు ఆ పాంథర్ కాల్చింది. ముందున్న షెర్మన్‌కు దెబ్బ తగిలింది. లెఫ్టినెంట్ కార్ల్ కెల్నర్ ఒక కాలు తెగిపోయిన స్థితిలో టరెట్ (ట్యాంకు పైన ఫిరంగి ఉండే తిరిగే గూడు) నుంచి బయటికి రావడం, అమెరికా సైన్యంలో చిత్రీకరణ పని కూడా చూసిన సిగ్నల్ కోర్ విభాగం ఫిల్ములో కనిపిస్తుంది. ఆయన కొద్ది నిమిషాల్లోనే మరణించారు. అప్పట్లో సైనిక పత్రికా విలేఖరిగా ఉండి, తర్వాత టెలివిజన్‌లో ప్రసిద్ధుడైన ఆండీ రూనీ ఆ చోటే ఉన్నారు. మీ వీడియోలో ఈ షాటు ఉంది, కానీ దాన్ని పాంథర్ కాలిపోయిన తర్వాత పెట్టారు. అసలు వరుసలో అది ముందు రావాలి. పాంథర్‌ను వేటాడటానికి మరో ట్యాంకును పిలిపించిందే ఈ దెబ్బ తర్వాత కాబట్టి, వరుస మార్చితే చూసేవారికి కారణమే అర్థం కాకుండా పోతుంది.

ఆ వచ్చిన ట్యాంకు అమెరికన్ల కొత్త రకం ఎం26 పెర్షింగ్. 1945 మొదట్లో యూరప్‌కు పరీక్ష కోసం పంపిన పెర్షింగ్‌లు 20 మాత్రమే. వాటిలో ఒకదానికి సార్జంట్ రాబర్ట్ ఎర్లీ కమాండర్, క్లారెన్స్ స్మోయర్ గన్నర్, అంటే ఫిరంగి గురిపెట్టి కాల్చేవాడు. మీ రెండో ప్రశ్నకు సమాధానం ఇక్కడే మొదలవుతుంది. ఎర్లీ ట్యాంకుతో సరాసరి కూడలిలోకి దూసుకుపోలేదు. ముందుగా కాలినడకన వెళ్లి, కెథెడ్రల్‌కు ఎదురుగా ఉన్న ఒక పెద్ద భవనంలోంచి పాంథర్ ఎక్కడ ఉందో, దాని ఫిరంగి ఎటు తిరిగి ఉందో చూసుకున్నారు. 165వ సిగ్నల్ ఫోటో కంపెనీకి చెందిన సార్జంట్ జిమ్ బేట్స్ కూడా కెమెరాతో అక్కడికి చేరారు. ఎర్లీ తిరిగి ట్యాంకు దగ్గరికి వెళ్లిపోయారు. బేట్స్ ఆ భవనం కింది అంతస్తుకూ పై అంతస్తుకూ మధ్య ఉన్న అర అంతస్తులోనే కెమెరా పట్టుకుని నిలబడిపోయారు. అంటే ఏ ట్యాంకు ఎటు నుంచి వస్తుందో, ఏది ఎక్కడ ఉందో తెలిసి, గోడ చాటున, కొంచెం ఎత్తులో, సరైన క్షణానికి ముందే ఒక కెమెరామన్ సిద్ధంగా ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధం మొత్తంలో ఇన్ని అంశాలు ఒకేసారి కలిసివచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పెర్షింగ్ పక్క వీధిలోంచి కూడలిలోకి వస్తుండగా, పక్కకు తిరిగి ఉంటుందనుకున్న పాంథర్ ఫిరంగి గొట్టం అప్పటికే వాళ్ల వైపు తిరిగి ఉంది. బండి ఆపి గురి చూసుకుని కాల్చాలన్నది మొదటి ఆలోచన, కానీ అంత సమయం లేదు. స్మోయర్ బండి కదులుతూ ఉండగానే కాల్చారు. ఆ గుండు తగిలింది. తర్వాత మరో రెండు. పాంథర్ ముందు భాగంలో 80 మిల్లీమీటర్ల మందాన బాగా వాలుగా అమర్చిన ఉక్కు పలక ఉంటుంది. పక్క కవచం మాత్రం 40 నుంచి 50 మిల్లీమీటర్లే. పెర్షింగ్‌ది 90 మిల్లీమీటర్ల ఫిరంగి. అంత తక్కువ దూరంలో, పక్కవాటుగా దొరికిన పాంథర్‌కు తప్పించుకునే అవకాశం లేకపోయింది. ఆ రోజుల్లో పెర్షింగ్‌ను దాదాపు ఎవరూ చూడలేదు కాబట్టి, దాని ఆకారాన్ని చూసి పాంథర్ కమాండర్ అది తమ ట్యాంకే అయి ఉంటుందని ఒక్క క్షణం ఆగాడన్న కథనం చాలా చోట్ల కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో ఈ పోరును 'అమెరికన్ ట్యాంకే గొప్పది' అని నిరూపించే సాక్ష్యంగా వాడుతున్నారు. ఒక కూడలిలో కొన్ని సెకన్లలో తేలిపోయిన పోరు ఆధారంగా రెండు ట్యాంకుల తూకం వేయడం సరికాదన్నది నా గట్టి అభిప్రాయం. ముందుగా ఎవరు ఎవరిని చూశారన్నదే ఇలాంటి చోట్ల ఫలితాన్ని నిర్ణయిస్తుంది. కొద్దిసేపటి క్రితం అదే పాంథర్ అదే పద్ధతిలో షెర్మన్‌ను కొట్టింది.

ఇప్పుడు ఫిల్మును దగ్గరగా చూద్దాం. గుండు తగిలిన షాటును వీలైనంత నెమ్మదిగా, ఫ్రేము తర్వాత ఫ్రేముగా నడపండి. దెబ్బ తగిలిన క్షణాన ఫ్రేము మొత్తం అదురుతుంది. స్టాండు మీద నిలబెట్టి, ముందే ఏర్పాటు చేసిన పేలుడును చిత్రీకరించే కెమెరా అలా అదరదు. మనిషి చేతుల్లో ఉన్న కెమెరాకు పేలుడు గాలి తాకితే వచ్చే కుదుపు అది. ఆ వెంటనే పొగ, ధూళి ఫ్రేములో కొంత భాగాన్ని కప్పేస్తాయి, మనకు చూడాలని ఉన్నది సరిగ్గా అప్పుడే కనిపించదు. కెమెరామన్ దాన్ని సరిదిద్దే ప్రయత్నం చేయలేదు, చేయగలిగే స్థితిలోనూ లేరు. మంటలు పూర్తిగా అంటుకోకముందే లోపలివాళ్లు పైమూతల్లోంచి బయటపడి కిందికి దూకుతారు. వాళ్ల కదలికలో ఏ దర్శకుడూ చెప్పి చేయించలేని తడబాటు ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో వైపు పోతారు. సినిమా కోసం తీసినవైతే ఎవరు ముందు దూకాలి, ఎటు పరుగెత్తాలి అన్న అమరిక మన కంటికి తెలియకుండానే పట్టుబడుతుంది.

ఇక అరుదుతనం సంగతి. అప్పటి అమెరికన్ సైనిక కెమెరామన్లలో ఎక్కువమంది వాడింది బెల్ అండ్ హోవెల్ కంపెనీ ఐమో. 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో, బ్యాటరీ లేకుండా, గడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే స్ప్రింగు బలంతో నడిచే కెమెరా అది. అందులో పట్టేది 100 అడుగుల ఫిల్ము. అడుగుకు 16 ఫ్రేముల లెక్కన 1,600 ఫ్రేములు, సెకనుకు 24 చొప్పున నడిపితే నిమిషం పైన కొన్ని సెకన్లు. ఆ తర్వాత ఎక్కడో చాటుకు వెళ్లి, వెలుతురు తగలకుండా జాగ్రత్తపడుతూ కొత్త రీలు ఎక్కించుకోవాలి. మధ్యలో స్ప్రింగు సడలితే మళ్లీ కీ తిప్పాలి. అందువల్ల గంటల తరబడి సాగే పోరులో కెమెరామన్ చేతిలో ఉన్నది కొన్ని నిమిషాలే, వాటిని ఎప్పుడు ఖర్చు చేయాలన్నది ఊహించి నిర్ణయించుకోవాలి. గుండు ఎప్పుడు పేలుతుందో ఎవరూ ముందుగా చెప్పరు. ఐమో మీట నొక్కి ఉంచడం ఆలస్యమైతే ఆ క్షణం పోతుంది, తొందరపడితే అసలు సమయానికి ఫిల్ము అయిపోతుంది. ఇంత ఒత్తిడిలో తీసినవి కాబట్టే అసలు పోరాట షాట్లు చిన్నవిగా, మొదలూ తుదీ లేనివిగా ఉంటాయి.

దీనికి తోడు పదాతి దళం పోరాడేదే ఎవరికీ కనపడకుండా. గోడ వెనక, గుంటలో, కిటికీ నీడలో ఉండే శత్రువు కెమెరాకు దొరకడు. ట్యాంకుల పోరులో కాల్చేది ఒక చోట, తగిలేది వందల మీటర్ల అవతల. రెండింటినీ ఒకే ఫ్రేములో పట్టాలంటే కెమెరా ఆ రెండింటి మధ్యకు రావాలి, అక్కడ నిలబడేవాడు బతకడు. అందుకే యుద్ధకాలపు వార్తాచిత్రాల్లో మనం చూసే 'పోరాటం'లో పెద్ద భాగం శిక్షణ శిబిరాల్లో తీసినది, లేదా పోరాటం ముగిశాక అదే చోట మళ్లీ చేయించినది. ఇది ఒక్క పక్షం చేసిన పని కాదు. 1916లో సోమ్ యుద్ధం గురించి బ్రిటన్‌లో ప్రదర్శించిన చిత్రంలో సైనికులు కందకం దాటి పరుగెత్తే ప్రసిద్ధ దృశ్యం వెనుక స్థావరంలో తీసినదని పరిశోధకులు తేల్చారు. 1942 నవంబరులో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర జర్మన్ సైన్యాన్ని చుట్టుముట్టిన రెండు సోవియట్ దళాలు కలాచ్ సమీపంలో కలుసుకుని కౌగిలించుకునే దృశ్యాన్ని కూడా, అసలు కలయిక జరిగిన తర్వాత కెమెరా కోసం మళ్లీ చేయించారు. జరిగిన సంఘటనలు నిజమే, మనం చూస్తున్న చిత్రం మాత్రం అదే క్షణానిది కాదు. ఈ తేడాను చెప్పకుండా చూపించడమే తప్పు.

ఇలాంటి వీడియోలను మీరే పరిశీలించుకోవాలంటే, అన్నింటికన్నా ముందు కెమెరా ఎక్కడ నిలబడి ఉందో ఆలోచించండి. సైనికులు కాలుస్తూ కెమెరా వైపే ముందుకు వస్తున్నారంటే కెమెరామన్ శత్రువుకు వీపు చూపించి మధ్యలో నిలబడి ఉండాలి. నిజమైన దాడిలో అది దాదాపు జరగదు. ఒకే పేలుడును రెండు కోణాల నుంచి చూపిస్తే, రెండు కెమెరాలు ముందే అమర్చుకున్నారా అని అడగాలి. ట్యాంకు ఏ రకానిదో, దాని మీది గుర్తులు ఆ ప్రాంతంలో ఆ తేదీన ఉన్న దళానివేనా అన్నది పోల్చాలి. కొలోన్ విషయంలో ఈ పని అసాధారణంగా సులువు. కెథెడ్రల్ ఇప్పటికీ అక్కడే ఉంది కాబట్టి పాంథర్ ఎక్కడ ఉందో, బేట్స్ కెమెరా ఎంత ఎత్తులో ఎటు తిరిగి ఉందో నేటి వీధుల్లో నిలబడి సరిచూసుకోవచ్చు, చాలామంది సరిచూశారు కూడా. స్టిల్ ఫోటోలు ఉన్నాయి. ట్యాంకు లోపల ఉన్నవాళ్లు, బయట చూసినవాళ్లు, తీసినవాళ్లు తర్వాతి కాలంలో విడివిడిగా చెప్పిన మాటలు ఫిల్ముతో పొంతన కుదురుతాయి. సిగ్నల్ కోర్ కెమెరామన్లు ప్రతి రీలుతో పాటు తేదీ, స్థలం, తీసినవారి పేరు, షాట్ల వివరం రాసిన కాగితాలను కూడా పంపేవారు. ఒక ఫుటేజీని నమ్మడానికి నేను మొదట అడిగేది ఆ కాగితాన్నే.

శబ్దం గురించి ఇంకొక్క మాట చెప్పాలి, ఎందుకంటే మీ పోస్టు కింద వ్యాఖ్య రాసిన ఒకరు 'గుండు శబ్దం వింటే తెలుస్తోంది, ఇది అసలుదే' అన్నారు. ఐమోలో శబ్దం నమోదు చేసే ఏర్పాటే లేదు. ఆ రీళ్లు మూగవి. ఫిరంగి మోత, ఇంజను హోరు, ఎవరో అరుస్తున్న కేకలు అన్నీ తర్వాత చేర్చినవే. వార్తాచిత్రాల కోసం ఆ కాలంలోనే కొన్ని చేర్చారు, ఇప్పుడు యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు మరికొన్ని చేర్చారు. రంగులు కూడా అంతే: బేట్స్ తీసినది నలుపు తెలుపుల్లో. ఈ మధ్య కృత్రిమ మేధతో రంగులు వేసి, సెకనుకు 60 ఫ్రేములుగా సాగదీసిన ప్రతులు వస్తున్నాయి. అక్కడ రెండు అసలు ఫ్రేముల మధ్య యంత్రం ఊహించి పూరించిన ఫ్రేములు ఉంటాయి. ఫ్రేము తర్వాత ఫ్రేముగా పరిశీలించమని పైన చెప్పాను కదా, ఆ పరీక్షకు అలాంటి ప్రతి పనికిరాదు. దూకుతున్న సైనికుడి చేయి ఎక్కడ ఉందో చెప్పేది అక్కడ కెమెరా కాదు, సాఫ్ట్‌వేర్.

మీ వీడియోలో ఒక బాధాకరమైన భాగం తీసేశారని మొదట్లో అన్నాను. ఆ రోజు పాంథర్ పోరుకు ముందు, నగరంలోని వేరే కూడలిలో స్మోయర్ ఉన్న పెర్షింగ్‌కూ ఒక జర్మన్ ట్యాంకుకూ మధ్య కాల్పులు జరుగుతుండగా ఒక చిన్న కారు మధ్యలోకి వచ్చింది. అందులో ఉన్నది సైనికులు కాదు, సాధారణ పౌరులు. కారు నడుపుతున్న వ్యక్తి అక్కడే మరణించారు. పక్కన ఉన్న 26 ఏళ్ల యువతి రోడ్డు మీద పడిపోయారు. అమెరికన్ వైద్య సిబ్బంది ఆమె దగ్గర వంగి ఏదో చేయాలని ప్రయత్నించడం, ఆమె కళ్లు ఇంకా కదులుతూ ఉండటం ఫిల్ములో ఉంది. ఆమె బతకలేదు. ట్యాంకుల వీడియోలుగా వీటిని పంచుకునే ఛానళ్లు ఈ భాగాన్ని దాదాపు ఎప్పుడూ కోసేస్తాయి. ట్యాంకు మీద ట్యాంకు గెలిచిన కథకు అది అడ్డు వస్తుంది. నాకు మాత్రం ఆ రీళ్లలో అతి విలువైన షాట్లు అవే అనిపిస్తుంది, ఎందుకంటే నగరంలో ట్యాంకులూ పదాతి దళమూ పోరాడటమంటే అక్కడ ఇంకా మనుషులు నివసిస్తున్నారన్న సంగతిని చూపించే యుద్ధకాలపు ఫుటేజీ పాంథర్ కాలడం కన్నా అరుదు. సైనిక కెమెరామన్ దాన్ని తీసి, సైన్యం దాన్ని నాశనం చేయకుండా దాచడం చిన్న విషయం కాదు.

ఆ ఫిల్మును చాలా ఏళ్ల తర్వాత చూసినప్పటి నుంచి స్మోయర్‌ను వెంటాడింది గెలిచిన పాంథర్ కాదు, ఆ కారు. ఆమెకు తగిలినవి తన ట్యాంకు తూటాలా, జర్మన్ ట్యాంకువా అన్నది తేల్చుకోవాలని ఆయన తపించారు. 2013లో ఆయన కొలోన్ వెళ్లి, ఆ రోజు ఎదుటి జర్మన్ ట్యాంకులో గన్నర్‌గా ఉన్న వ్యక్తిని కలుసుకున్నారు. ఇద్దరూ కలిసి ఆమెను పాతిపెట్టిన చోటికి వెళ్లి పూలు ఉంచారు. పాంథర్‌ను కొట్టినందుకు స్మోయర్‌కు కాంస్య నక్షత్ర పతకం అందినది 2019లో. ఆయన 2022లో, 99 ఏళ్ల వయసులో మరణించారు. ఇవన్నీ ఫుటేజీకి సంబంధం లేని విషయాలని మీరు అనుకోకూడదు. ఫిల్ము దాచి ఉంచకపోతే ఆ ఇద్దరు ముసలివాళ్లకు ఆ ప్రశ్నను మళ్లీ తవ్వే అవకాశమే ఉండేది కాదు.

ఇంకేవైనా ఇలాంటివి ఉన్నాయా అని మరొకరు అడిగారు. పసిఫిక్‌లో 1943 నవంబరులో తరావా దీవి మీద మెరైన్ కెమెరామన్ నార్మన్ హాచ్ తీసిన షాట్లలో అమెరికన్, జపాన్ సైనికులు ఒకే ఫ్రేములో కనిపిస్తారు. ఆ యుద్ధం మొత్తంలో అలాంటివి చాలా తక్కువ. మన వాళ్ల విషయానికి వస్తే, కొలోన్‌లో ఇది జరుగుతున్న ఆ వారంలోనే బర్మాలోని మెయిక్టిలాలో 17వ భారత డివిజన్ పదాతి దళం, 255వ భారత ట్యాంకు బ్రిగేడ్ షెర్మన్‌లతో కలిసి పోరాడింది. బర్మాలో పోరాడిన బ్రిటిష్ 14వ సైన్యం వెంట నడిచిన బ్రిటిష్ సైనిక చిత్రీకరణ బృందాలు తీసిన ఫిల్ములు, ఫోటోలు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం దగ్గర భద్రంగా ఉన్నాయి. కొలోన్ రీలుకు వచ్చిన చూపరుల్లో వందో వంతు కూడా వాటికి లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మీ ఛానల్‌లో యుద్ధ ఫుటేజీ చూపించాలన్న ఆసక్తి ఉంటే, వాటిని కూడా వెతకండి. కాకపోతే అక్కడ అనుమతి, రుసుము నిబంధనలు ఉంటాయి, ముందే చూసుకోవాలి.

కొలోన్ ఫిల్ము వాడుకోవడంపై మీ చివరి ప్రశ్న. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధినిర్వహణలో తీసినది కాబట్టి సిగ్నల్ కోర్ ఫుటేజీ మీద అక్కడ కాపీరైట్ లేదు. ఆ సేకరణ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 111 కింద ఉంది, చాలా రీళ్లు డిజిటల్‌గా మార్చి ఉచితంగా ఉంచారు. మీకు వాట్సాప్‌లో వచ్చిన ప్రతిని వాడకండి: అందులో చేర్చిన సంగీతం, శబ్దం, రంగులు, పైన వేసిన లోగో వేరేవాళ్లవి, వాటికి హక్కులు ఉండవచ్చు. ఆర్కైవ్స్ నుంచి శబ్దం లేని ప్రతిని తీసుకుని, కెల్నర్ షాటును పాంథర్ షాటుకు ముందు పెట్టండి, కారు షాటు వేరే కూడలిలో తీసినదని తెర మీద రాయండి, తేదీ, స్థలం, సిగ్నల్ కోర్ పేరు తప్పక ఇవ్వండి. శబ్దం చేర్చాలనిపిస్తే అది తర్వాత చేర్చినదని వివరణలో ఒక వాక్యం పెట్టండి. కెల్నర్‌ను, ఆ యువతిని చూపే షాట్ల ముందు పిల్లలున్న ఇళ్లకు హెచ్చరిక కూడా అవసరం. వీడియో సిద్ధమయ్యాక ఇక్కడ లింకు పెట్టండి, వరుస సరిగా ఉందో లేదో చూసి చెబుతాను.